మందుచీటీ చేతికి వచ్చాక: వైద్యంలో పొరపాట్లు, మనం తీసుకోవలసిన జాగ్రత్తలు

మా వదినగారికి అరవై ఎనిమిదేళ్ళు. బరంపురంలోనే పుట్టి పెరిగినా ఒడియా బజారు బేరాల వరకే వచ్చు, చదవడం రాదు. రెండేళ్ళ క్రితం కీళ్ళవాతానికి డాక్టరుగారు మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీలో ఇంగ్లీషులో అలాగే ఉంది. మందుల షాపు కుర్రవాడు కూడా "సప్తాహరే థరే" అని సరిగానే చెప్పాడు. ఒడియాలో దానికి వారానికి ఒకసారి అని అర్థం. కానీ మా వదినగారికి సప్తాహం అంటే గుడిలో ఏడు రోజులు ఎడతెగకుండా జరిగే భజన. ఏడు రోజులూ వరసగా వేసుకోమన్నారనుకొని, రోజుకొకటి చొప్పున వేసుకున్నారు.

ఆరో రోజుకు నోరంతా పూసి మంచినీళ్ళు కూడా మింగుడు పడలేదు. తరువాత జ్వరం వచ్చింది. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డారు. "చెప్పినట్టే వేసుకున్నాను కదా బాబూ" అని ఆవిడ నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు.

డాక్టరు రాసింది సరిగానే ఉంది. షాపులో చెప్పిందీ సరే. ఆవిడ విన్నది కూడా ఆవిడ భాష ప్రకారం సరే. అయినా ప్రాణం మీదకు వచ్చింది. ఆ రోజు ఆవిడ వెంట షాపుకు వెళ్ళింది నేనే. ఒడియా, ఇంగ్లీషు రెండూ చదవగలవాణ్ణి. సంఘం ఉగాది సభకు హాలు గురించి ఫోను వస్తే మాట్లాడుతూ పక్కకు వెళ్ళాను. ఆ రెండు నిమిషాల్లోనే ఇదంతా జరిగింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

వైద్యంలో పొరపాటు అంటే

జబ్బు తగ్గకపోవడం వేరు, పొరపాటు వేరు. మంచి వైద్యం చేసినా కొన్ని జబ్బులు తగ్గవు, కొన్ని మందులు కొందరికి పడవు. ఒక మందు బదులు ఇంకొకటి ఇవ్వడం, మోతాదు తప్పడం, ఒకరి రిపోర్టు ఇంకొకరి ఫైలులో చేరడం, ఒక కాలికి చేయవలసిన ఆపరేషన్ రెండో కాలికి చేయడం, జబ్బును సకాలంలో గుర్తించకపోవడం వంటివి పొరపాట్లు.

ఆసుపత్రుల్లో వైద్యం పొందేవారిలో సుమారు పదిమందిలో ఒకరికి వైద్యం వల్లనే ఏదో ఒక హాని జరుగుతోందని, అందులో సగానికి పైగా నివారించదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17ను రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు. అమెరికాలో 1999లో వెలువడిన ఒక ప్రసిద్ధ నివేదిక, అక్కడి ఆసుపత్రుల్లో పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. పొరపాట్లలో ఎక్కువ భాగం చెడ్డ డాక్టర్ల వల్ల జరిగేవి కావని, వ్యవస్థలో, పని పద్ధతుల్లో ఉన్న లోపాల వల్ల జరిగేవని ఆ నివేదిక చెప్పిన ముఖ్యమైన మాట. మా వదినగారి విషయంలో జరిగిందీ అదే.

మన ఇళ్ళలో పొరపాటు ఎక్కడ దూరుతుంది

మొదటిది భాష. మనం ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకో భాష, చీటీలో ఇంగ్లీషు. ఒకేలా వినబడే మాటలే ఎక్కువ ప్రమాదం. సోలాపూరులో మరాఠీ డాక్టరు వారాన్ని "ఆఠవడా" అంటే, అలవాటు లేని చెవికి అందులో ఎనిమిది వినబడుతుంది. కన్నడంలో, తమిళంలో వారం వారమే కాబట్టి ఆ ఒక్కచోట చిక్కు లేదు గానీ మిగతా మాటల్లో ఉంటుంది. యానాంలో తెలుగుతో గడిచిపోతుంది, పుదుచ్చేరి ఆసుపత్రికి వెళితే తమిళం.

దుబాసీ పని చేసే మనవడితో ఇంకో చిక్కు. నాయనమ్మ "గుండెల్లో మంటగా ఉంది, చెయ్యి లాగుతోంది" అంటే వాడు "గ్యాస్ అట" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. గుండెపోటు కూడా మంటలాగే మొదలు కావచ్చు. ఆడవారి జబ్బులు, మూత్రం, విరేచనాల సంగతులు పిల్లల ముందు చెప్పలేక పెద్దవారు మింగేస్తారు. పెద్దవారి వెంట పెద్దవారే వెళ్ళాలి. వారు అన్న మాటను అన్నట్టే చెప్పాలి, మన సొంత అర్థం కలపకూడదు.

రెండోది చీటీలోని గుర్తులు. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. 1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. చీటీ అర్థం కాకపోతే అడగడానికి మొహమాటం అక్కరలేదు. మందుల జెనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్య మండలి నిబంధనల్లో 2016 నుంచి ఉంది. ఒడిశా హైకోర్టు కూడా 2024 జనవరిలో డాక్టర్లు చదవగలిగేలా రాయాలని ఆదేశించింది.

మూడోది ఒకే మందు, రెండు పేర్లు. బరంపురం నుంచి మనలో చాలామంది పెద్ద జబ్బుకు విశాఖపట్నం వెళ్తారు. అక్కడి డాక్టరు ఒక కంపెనీ పేరుతో, ఇక్కడి డాక్టరు ఇంకో కంపెనీ పేరుతో ఒకే సుగరు మాత్ర రాస్తే, ఇంట్లో రెండూ వేసుకుంటాం. జ్వరానికి పారాసిటమాల్, జలుబుకు ఇంకో మాత్ర వేసుకుంటాం. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవారికి రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు, కాలేయం జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ. అట్ట మీద కంపెనీ పేరుతో పాటు ఉండే అసలు మందు పేరును పోల్చి చూడడం అలవాటు చేసుకోవాలి.

నాలుగోది ఇన్సులిన్. మన దేశంలో సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 సీసాలోంచి 40 సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. సుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడాలి.

చేయవలసినవి

నేను ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా చేశాను. కాగితం మీద లేని పని జరగనట్టే లెక్క అని నేర్చుకున్నాను. ఇక్కడా అదే పద్ధతి.

1. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క మందుల కాగితం ఉండాలి. పేరు, వయసు, జబ్బులు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మందుల అసలు పేర్లు, మోతాదు, వేళ రాయాలి. ఇంగ్లీషులో ఒక వైపు, తెలుగులో ఒక వైపు. ఆయుర్వేదం, హోమియో, షాపులో అడిగి కొన్న నొప్పి మాత్రలు కూడా రాయాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొన్ని నొప్పి మాత్రలు హాని చేస్తాయి. వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

2. పెన్సిలిన్ వంటి మందు ఎప్పుడైనా పడకపోతే ఆ సంగతి కాగితంలో అన్నిటికన్నా పైన, ఎర్ర సిరాతో రాయాలి.

3. డాక్టరు గదిలో మూడు ప్రశ్నలు అడగాలి: ఇది దేనికి, ఎలా ఎన్నాళ్ళు వేసుకోవాలి, ఏం కనబడితే వెంటనే రావాలి?

4. విన్నది తిరిగి చెప్పాలి. "అయితే ఇది ఆదివారం ఒక్కటే, మిగతా రోజులు వద్దు, అంతే కదండీ?" అని మన మాటల్లో చెప్పి అవునని అనిపించుకోవాలి. అందుకు అర నిమిషం చాలు. మా ఇంట్లో లోపించింది ఆ అర నిమిషమే. వారానికి ఒకసారి వేసుకునే మందు మీద ఆ వారం పేరు, ఉదాహరణకు ఆదివారం అని, తెలుగులో రాసిపెట్టాలి.

5. షాపులో మందులు సంచిలో వేసుకునే ముందు చీటీతో ఒక్కొక్కటే పోల్చాలి. ఒకటి లేదని ఇంకొకటి ఇస్తే డాక్టరుకు చూపించకుండా వాడకూడదు.

ఆసుపత్రిలో చేరినప్పుడు

సూది వేయడానికి, రక్తం ఎక్కించడానికి, ఆపరేషన్‌కు తీసుకెళ్ళడానికి ఎవరు వచ్చినా మన పూర్తి పేరు మనమే చెప్పాలి. "మీరు అప్పారావుగారేనా?" అంటే మగతలో ఉన్నవారు ఎవరైనా ఊ అంటారు. రక్తం సంచి మీది పేరు, గ్రూపు వెంట ఉన్నవారూ చూడవచ్చు. ఆపరేషన్ అయితే ఏ వైపు చేయాలో సర్జన్‌గారే ముందుగా గుర్తు పెట్టడం మంచి ఆసుపత్రుల పద్ధతి. పెట్టకపోతే మర్యాదగా అడగాలి. ఆపరేషన్ గదిలో సరిచూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక తయారుచేసింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. చదువుకున్న సర్జన్లకే పట్టిక మేలు చేసినప్పుడు మన కాగితాన్ని తక్కువ చేసి చూడనక్కరలేదు.

అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకూడదు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో, జబ్బు గురించి, వైద్యం గురించి రోగికి తెలిసిన భాషలో వివరించాలని ఉంది. తెలుగులో చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా అని అడగడం మనకున్న హక్కే. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం కూడా హక్కే, అది అవమానించడం కాదు.

డిశ్చార్జి రోజున పాత మందుల్లో ఏవి ఆపాలో, ఏవి ఉంచాలో, కొత్తవి ఏవో డాక్టరు చేత కాగితం మీద గుర్తు పెట్టించుకోవాలి. ఇంటికి వెళ్ళే తొందరలో అందరూ మరిచిపోయేది ఇదే.

పొరపాటు జరిగితే

ముందు ప్రాణం సంగతి చూడాలి. అనుమానం వచ్చిన మందు వెంటనే డాక్టరుకు చూపించాలి; అట్ట, సీసా పారేయకూడదు. మందు వల్ల హాని కలిగితే 1800-180-3024కు ఉచితంగా ఫోను చేసి తెలపవచ్చు.

తరువాత రికార్డులు. రోగి గానీ, ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

డబ్బు చెల్లించి పొందిన వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఫిర్యాదు రెండేళ్ళలోగా చేయాలి. చెల్లించిన బిల్లు 5 లక్షల లోపైతే రుసుము లేదు. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు కాబట్టి, విశాఖలో వైద్యం చేయించుకున్న బరంపురం వారు గంజాం జిల్లాలోనే వేసుకోవచ్చు. సలహాకు 1915 నంబరు ఉంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఒక్క మాట. రోగి బాగుపడకపోయినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని, క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. డాక్టర్ల మీద, నర్సుల మీద చేయిచేసుకోవడం తప్పు, నేరం కూడా. పైగా నిజం చెప్పవలసినవారు భయపడి నోరు మూసుకుంటారు.

సంఘం తరఫున

మా సంఘం కార్యాలయంలో ఆదివారాలు సాయంత్రం ఇద్దరు సభ్యులం కూర్చుని పెద్దవారి మందుల కాగితాలు తెలుగులో రాసిపెడుతున్నాం. మేము వైద్యం చెప్పం. చీటీలో ఉన్నదే రాస్తాం, అనుమానం ఉంటే డాక్టరు దగ్గరకే పంపుతాం. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు వచ్చిన ఒక మనిషి ఉంటే చాలు. ఇతర రాష్ట్రాల తెలుగు సంఘాలవారు కూడా తమ ఊరి భాషతో ఇది మొదలుపెట్టాలని మనవి.

మా వదినగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారు. ఇప్పుడు కీళ్ళకు వేరే మందు వాడుతున్నారు. షాపుకు వెళితే ఆవిడే కుర్రవాణ్ణి నిలబెట్టి, తనకు వచ్చిన ఒడియాలో, విన్నది మళ్ళీ అప్పజెబుతారు. నేను పక్కనే ఉంటాను. ఫోను ఇంట్లో పెట్టి వెళ్తాను.