22 ఎం.ఎం. రాడ్డు

ఉదయం అయిదున్నర. ప్రొద్దుటూరు కొర్రపాడు రోడ్డు వైపు ఒక సందులో, ఇంటి ముందరి నాపబండలు ఇంకా చల్లగానే ఉన్నాయి. మే నెల. ఎనిమిది దాటితే ఇదే బండ మీద వీపు ఆన్చలేరు. అందుకే మీరు ఇంత పొద్దున్నే చాప పరుచుకుని, టార్చి పట్టుకుని బండి కింద దూరడానికి సిద్ధంగా ఉన్నారు. ఎత్తైన పాత డీజిల్ బండి. ముద్దనూరు ఘాటులో మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక సీట్లో వాళ్లంతా ఒకవైపుకు ఒరిగిపోతారు. దాన్ని తగ్గించే స్టెబిలైజర్ రాడ్లు, పాతవాటికన్నా మందమైనవి, ముందుకొకటి వెనక్కొకటి, అట్టపెట్టెలో వచ్చి గోడకు ఆనించి ఉన్నాయి.

"మామా, జాకీ కింద చెక్క పెట్టు. ల్యాకపోతే బండ పగుల్తాది."

అల్లుడు మెకానిక్ షెడ్డులో పని నేర్చినవాడు. వాడి మాట నిజమే. ఈ రాయి ఎన్ని బస్తాలనైనా మోస్తుంది. కానీ అడుగున మన్ను గుల్లబారిన చోట బండి బరువంతా జాకీ పాదమంత జాగాలో పడితే చిట్లుతుంది. వేపచెక్క వేశారు. వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెట్టారు. జాకీ ఎత్తడానికే గానీ నిలబెట్టడానికి కాదు. ఛాసిస్ కింద రెండు స్టాండ్లు చేరాక, బండిని భుజంతో ఊపి చూశాక, అప్పుడు గానీ తల లోపలికి పెట్టలేదు.

పాత రాడ్డు కనిపిస్తోంది. ఈ చక్రం దగ్గర నుంచి ఆ చక్రం దాకా వంపులు తిరిగిన ఇనుప కడ్డీ. మధ్యలో రెండు చోట్ల రబ్బరు బుష్‌లు, వాటి మీద క్లాంపులు. రెండు కొసల్లో చిన్న లింకు రాడ్లు. మొత్తం ఇంతే. క్లాంపుల బోల్టులు 14 నంబరు పానాకు లొంగిపోయాయి. లింకు దగ్గరే పని ఆగింది. నట్టు తిప్పుతుంటే దాంతోపాటు లోపలి బాల్ జాయింటు బోల్టు కూడా గిర్రున తిరుగుతోంది. రాత్రే డబ్ల్యూడీ-40 కొట్టి పెట్టారు. అయినా ఏళ్ల తుప్పు అంత సులువుగా వదలదు. ముఖం మీద నల్లరేగడి పెళ్లలు రాలుతున్నాయి.

"తిరుగుతాంది మామా. కొసాన ఆరు పలకల గుంట ఉంటాది చూడు, దాంట్లో యాలెన్ కీ పెట్టి బిగబట్టు. నేను ఈడ నుంచి తిప్పుతా."

గుంట నిండా మట్టి. మేకుతో గీకి, కీ దించి, ఒకరు పట్టి ఒకరు తిప్పితే చివరికి కీచుమంటూ కదిలింది. ఈ ఒక్క నట్టు తిన్న సమయం మిగతా పనంతా తినలేదు. ఇంట్లో ఈ పని పెట్టుకునేవాళ్లు కొత్త లింకు రాడ్లు ముందే తెచ్చిపెట్టుకోవాలి. పాతవి ముక్క ముక్కగా కోసి తీయాల్సి వచ్చినా బెంగ ఉండదు.

రెండు రాడ్లూ పక్కపక్కన పెట్టారు. పాతది 19 ఎం.ఎం., కొత్తది 22. చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా తెలియదు. కానీ మెలిపెట్టినప్పుడు రాడ్డు చూపే బిగువు దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఈ మూడు మిల్లీమీటర్లకే దాదాపు 80 శాతం ఎక్కువ. ఇలాంటి రాడ్డుకు మొదటి పేటెంటు 1919లో కెనడాలోని ఫ్రెడెరిక్టన్ వాసి స్టీఫెన్ కోల్మన్‌కు దక్కింది. నూరేళ్లు దాటినా సూత్రం మారలేదు. మలుపులో బండి కుడికి ఒరిగితే కుడి స్ప్రింగు కుదించుకుంటుంది, ఎడమది సాగుతుంది. రెంటి మధ్యా ఉన్న రాడ్డు మెలిపడి, ఆ తేడాను పెరగనివ్వదు. స్పీడు బ్రేకరు మీద రెండు చక్రాలూ ఒక్కసారే లేస్తే మాత్రం మెలి ఉండదు, బుష్‌లలో ఊరికే తిరుగుతుంది.

కొత్త బుష్‌లు పాలీయురేథేన్‌వి. లోపల సిలికాన్ గ్రీజు దట్టంగా పట్టించండి. ఇక్కడ పిసినారితనం చేస్తే నెల తిరక్కుండా కిర్రుకిర్రుమంటాయి. నట్లన్నీ చేతి బిగువుకే ఉంచి, బండిని నేలకు దించాక, బరువు చక్రాల మీద పడ్డాక టార్క్ రెంచితో బిగించాలి. గాల్లో బిగిస్తే రాడ్డు తప్పు కోణంలో కుదురుకుంటుంది. వెనక రాడ్డు పని నిమిషాల మీద అయిపోయింది. దాని గురించి చెప్పేదేమీ లేదు. అల్లుడు ప్రతి నట్టు మీదా తెల్ల పెయింటుతో గీత గీశాడు, నట్టు నుంచి క్లాంపు మీదకు కలిసేటట్టు. నట్టు వదులైతే గీత తప్పి తెలిసిపోతుంది.

వెనకది ఒక్కటే మారిస్తే చాలదా అని అడిగేవాళ్లుంటారు. చాలదు, ప్రమాదం కూడా. మలుపులో బయటి చక్రాలకు మారే మొత్తం బరువును రాడ్డు తగ్గించలేదు. ముందు ఎంత, వెనక ఎంత అని పంచుతుందంతే. వెనక మాత్రమే బిగువైతే వానలో బండి తోక ముందుగా జారుతుంది. ఇంకో మాట. ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఈ రాడ్డు ఆర్సీలో రాసే వస్తువు కాదు. అయినా ఇన్సూరెన్సు కంపెనీకి ముందే ఒక ఉత్తరం రాసి ఉంచుకోవడం మేలు.

ఇక రోడ్డు. జమ్మలమడుగు దాకా రెండు పక్కలా నల్లరేగడి, ఎదురుగా బండల లోడు లారీలు. స్టీరింగు తిప్పగానే బండి కదులుతోంది, ఇదివరకటిలా ఒరిగి, ఆలోచించి, తర్వాత తిరగడం లేదు. జమ్మలమడుగు దాటాక పెన్న వంతెన, ఆపైన ఎర్రమల కొండల్లో ఘాటు. మొదటి మలుపులో మీరు అలవాటుగా భుజం బిగించి ఎదురు చూశారు. ఒరుగు ఉంది, కానీ సగంలోనే ఆగింది. వెనక సీట్లో నీళ్ల సీసా దొర్లలేదు.

"ఇంగ కొంచెం తొక్కు మామా!"

తొక్కకండి. ఒరగని బండి మిమ్మల్ని భయపెట్టదు. టైర్లకున్న పట్టు మాత్రం నిన్న ఎంతో ఇవాళా అంతే. లారీలు తొక్కి చెడగొట్టిన అంచు మీదకు ఎడమ చక్రం దిగింది. ఆ కుదుపు కుడి చక్రానికీ పాకి, బండి మొత్తం అడ్డంగా ఊగింది. రాడ్డుకు చెల్లించే మూల్యం ఇదే. గుంతల దారుల్లోనే తిరిగేవాళ్లు ఈ ఖర్చు పెట్టకుండా, పాత రాడ్డుకే కొత్త బుష్‌లూ లింకులూ వేయించుకోవడం తెలివైన పని.

ముద్దనూరు దాటి, చీనీ తోటలూ అరటి తోటలూ చూసుకుంటూ పులివెందుల చేరేసరికి ఎండ ముదిరింది. చెట్టు నీడన ఆపి, అల్లుడు టార్చి పట్టుకుని వంగాడు.

"మిగతా గీతలన్నీ కలిసే ఉండాయి. ఎడమదొకటి రవ్వంత జరిగింది."

రెంచి టక్కుమనే దాకా తిప్పారు. వాడు పాత గీతను కిరోసిన్ గుడ్డతో తుడిచి, కొత్తది గీసి, పెయింటు ఆరే లోపల కారం దోసె ఎక్కడ బాగుంటుందో పక్కనున్న ఆటో ఆయన్ని అడగడానికి పోయాడు.