పాలు మాన్పిన పందిపిల్లకు ఏ కొవ్వు మేలు?

తల్లి పంది పాలలోని ఘనపదార్థంలో సుమారు మూడో వంతు, ఒక్కోసారి అంతకుమించి, కొవ్వే. కనుక పాలు మాన్పించాక దాణాలో నూనె కలిపితే ఆ లోటు తీరుతుందన్న ఊహ సహజమే. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన సెరా, మహాన్, రైన్‌హార్ట్ 1988 నుంచి వెలువరించిన ప్రయోగ ఫలితాలు మాత్రం ఈ ఊహను పూర్తిగా బలపరచవు.

1. పాలు మాన్పిన తొలి వారాల్లో మొక్కజొన్న నూనె కంటే పంది కొవ్వు, పశువుల కొవ్వు తక్కువగా అరిగాయి; నాలుగో వారానికి ఆ తేడా చాలావరకు తగ్గింది. కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమ్ క్లోమంలో పాలు మాన్పగానే పడిపోయి, క్రమంగా కోలుకోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అంటే కొవ్వు రకంతో పాటు పిల్ల వయసునూ లెక్కలోకి తీసుకోవాలి.

2. కొబ్బరి నూనె బాగా అరుగుతుందన్నది దాదాపు స్థిరపడిన విషయం. దాని కీర్తికి ఆధారం మధ్యస్థ గొలుసు కొవ్వు ఆమ్లాలు. అయితే అందులో సుమారు సగం ఉండే లారిక్ ఆమ్లంలో గణనీయమైన భాగం పొడవు గొలుసు ఆమ్లాల మాదిరే శోషరసం గుండా పోతుంది. కాలేయానికి నేరుగా చేరే క్యాప్రిలిక్, క్యాప్రిక్ ఆమ్లాలు రెండూ కలిపినా సుమారు 15 శాతమే. శుద్ధి చేసిన మధ్యస్థ గొలుసు నూనెలతో వచ్చిన ఫలితాలను కొబ్బరి నూనెకు అంటగట్టడం తొందరపాటు.

3. ‘సంతృప్త కొవ్వు’ అన్న ఒకే పద్దు కూడా సందేహాస్పదం. పంది పాలలోనూ పంది కొవ్వులోనూ పామిటిక్ ఆమ్లం ఎక్కువగా కొవ్వు అణువులోని గ్లిజరాల్ నడిమి స్థానంలో ఉంటుంది. పామాయిల్‌లో అది ఎక్కువగా అంచుల్లో ఉంటుంది. అంచుల నుంచి విడివడిన ఆమ్లం కాల్షియంతో కలిసి సబ్బుగా మారి, కొంత పేడలో పోవచ్చు.

4. పేగు ఆరోగ్యం విషయంలో ఆధారాలు ఇంకా చిక్కుగా ఉన్నాయి. 2012లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 5 శాతం మొక్కజొన్న నూనెతో పోలిస్తే అంతే చేప నూనె తిన్న పిల్లల్లో, బాక్టీరియా విషాన్ని ఎక్కించిన తర్వాత, పేగు గోడ మెరుగ్గా నిలిచింది. అది ప్రయోగశాల కల్పించిన వాపు. కొట్టంలో వచ్చే విరేచనాలకు అదే వర్తిస్తుందని చెప్పలేం. పైగా పాలు మాన్పిన తొలి రోజుల్లో పిల్ల మేత మానేయడం వల్లే పేగు లోపలి గోడపై వేళ్లలా ఉండే విల్లైలు కుంచించుకుపోవచ్చు. ఆ నేరం కొవ్వుపై మోపకూడదు.

5. మన ప్రాంతంలో ఈ ప్రశ్న తవుడు దగ్గరికి వస్తుంది. మిల్లు ఆడగానే తవుడులోని లైపేజ్ నూనెను విడి కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. నిల్వ తవుడూ తాజా తవుడూ పేరుకు ఒకటే, కొవ్వుగా వేరు. నూనె ఎంత చెడిందో కొలిచి చెప్పని ప్రయోగాన్ని కొవ్వు రకాల పోలికకు ఆధారంగా తీసుకోవడం తగదు.