నిద్రపోని రోవర్

2004 జనవరి 21. కాలిఫోర్నియాలోని పాసడీనా. జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ కంట్రోల్ రూం. ఈపాటికి డేటా రావాలి. రాలేదు.

అంగారకుడి మీద గుసేవ్ బిలంలో స్పిరిట్ రోవర్ చెయ్యి చాపి ఓ రాయిని పరీక్షిస్తోంది. దిగి అది 18వ రోజు. భూమ్మీదేమో దాని సిగ్నల్ అందుకునే ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా యాంటెన్నా మీద ఉరుముల వాన. వానకే సిగ్నల్ పోయిందనుకున్నారు. వాన వెలిసింది. రోవర్ మాత్రం మాట్లాడలేదు.

మర్నాడు ఒక్క బీప్ వినిపించింది. బతికే ఉంది. 23న పది నిమిషాల పాటు మాటలొచ్చాయి, అవీ సెకనుకు పది బిట్ల వేగంతో. ఒక్క అక్షరానికి దాదాపు ఒక సెకను. ఆ వచ్చిన కాస్తా చదివితే గుండె జారింది. కంప్యూటర్ అరవైసార్లకు పైగా తనంతట తాను రీస్టార్ట్ అయింది!

లేస్తోంది, స్టోరేజీ కోసం తడుముకుంటోంది, అది అందక కూలబడుతోంది, మళ్లీ లేస్తోంది, మళ్లీ తడుముకుంటోంది, రాత్రి పడుకోవాల్సిన వేళ కూడా కన్ను మూయకుండా ఇదే పని చేస్తూ బ్యాటరీని పిండేసుకుంటోంది. ఇలాగైతే ఎన్నాళ్లో నిలవదు.

దాని ప్రాసెసర్ 20 మెగాహెర్ట్జ్. ర్యామ్ 128 ఎంబీ, ఫ్లాష్ స్టోరేజీ 256 ఎంబీ. ఏడు నెలల ప్రయాణంలో పోగైన ఫైళ్లన్నీ ఫ్లాష్‌లోనే ఉన్నాయి. స్టార్టయ్యేటప్పుడు వాటి జాబితాను ర్యామ్‌లోకి ఎక్కించుకోవాలి. చోటు చాల్లేదు. పాతవి తుడిచేసే ప్రోగ్రాంను 15వ రోజునే పంపారు. రెండు ముక్కల్లో ఒక్కటే చేరింది. రెండోది 19వ రోజు పంపాలనుకున్నారు. రోవర్ 18వ రోజే మొండికేసింది.

అదే మన తొర్రూరులో లినక్స్ పీసీకి బూటయ్యేటప్పుడు డిస్క్ దొరక్క, నల్ల తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న మాట దగ్గర ఆగిపోయిందనుకోండి. మెకానిక్ ముందు సాటా కేబుల్ పీకి గుచ్చుతాడు. బయోస్‌లో డ్రైవ్ పేరు కనిపిస్తోందా చూస్తాడు. కనిపిస్తే లోపం డిస్క్‌ది కాకపోవచ్చు. డిస్క్ గుర్తింపు సంఖ్య యూయూఐడీ సరిపోలిందా, డ్రైవర్ మాడ్యూల్ లోడయిందా అని వెతుకుతాడు. అదీ కాకపోతే పెన్‌డ్రైవ్ పెట్టి లైవ్ లినక్స్ ఎక్కిస్తాడు. అసలు డిస్క్ జోలికే పోకుండా సిస్టం ర్యామ్‌లో నడుస్తుంది.

రోవర్‌లో ఉన్నది లినక్స్ కాదు, వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టం. కేబుల్ పీకడానికి అక్కడ మనిషి లేడు. కానీ ఆ లైవ్ పెన్‌డ్రైవ్ ఉపాయం లాంటిదొకటి మిగిలి ఉంది.

సాఫ్ట్‌వేర్ రాసిన బృందానికి పెద్ద గ్లెన్ రీవ్స్. ఫ్లాష్‌ను ముట్టుకోకు, ర్యామ్‌లోనే ఫైల్ సిస్టం కట్టుకుని లే అని చెప్పే ఆదేశం ఒకటి ఆ బృందం చేతిలో ఉంది. అనుమానం ఫ్లాష్ మీదే అయితే ఇది పనిచేయాలి. రోవర్ మళ్లీ కూలేలోపు ఆదేశం చేరాలి. పోవడానికి పది నిమిషాలకు పైనే, జవాబు రావడానికీ అంతే. 24న పంపారు. గదిలో అందరి చూపూ తెర మీదే.

జవాబొచ్చింది. ఈసారి ఆగలేదు. సెకనుకు 120 బిట్ల చొప్పున గంటసేపు వస్తూనే ఉంది. రోగి పరిస్థితి విషమం నుంచి ఓ మెట్టు తేరుకుందని ప్రాజెక్టు మేనేజర్ పీటర్ థైసింగర్ అన్నాడు. ఫ్లాష్‌ను తుడిచి కొత్తగా ఫార్మాట్ చేసేసరికి ఫిబ్రవరి వచ్చింది.

అయితే ఆదేశం పంపిన ఆ 24, శనివారం నాడు వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. రాత్రి తొమ్మిది దాటాక అంగారకుడి అవతలి వైపున రెండో రోవర్ ఆపర్చునిటీ దిగాలి. దానిదీ అదే కంప్యూటర్, అదే సాఫ్ట్‌వేర్. అదీ ఆరు నెలలకు పైగా ఫైళ్లు పోగేసుకుంటూనే వస్తోంది.