ఇంట్లో సాలీళ్లు: ఏవి ప్రమాదకరం, ఏవి కావు

సాలెపురుగు అన్న పేరులో సగం నిజం, సగం పొరపాటు ఉన్నాయి. 'సాలె' అంటే నేతగాడు, అది నిజమే. కానీ ఈ జీవి పురుగు కాదు. కీటకాలకు ఆరు కాళ్లుంటే దీనికి ఎనిమిది. వరుస కలిపితే తేలుకూ గోమారికీ దగ్గరి చుట్టం. ప్రపంచంలో ఇప్పటివరకు గుర్తించిన సాలీడు జాతులు 50 వేలకు పైమాటే. వాటిలో దాదాపు అన్నింటికీ విషం ఉన్నా, మనిషికి నిజంగా హాని చేయగలిగినవి వేళ్లపై లెక్కపెట్టదగినన్ని మాత్రమే.

మన ఇళ్లలో తరచుగా కనిపించేవి మూడు రకాలు. పైకప్పు మూలల్లో బూజు పెట్టేది సన్నని పొడవాటి కాళ్ల సాలీడు. గూడును తాకితే ఒళ్లంతా ఊపుతూ వణుకుతుంది. దోమలను పట్టి తింటుంది. మనిషికి ఏ హానీ చేయదు. గోడపై ఎగిరి దూకుతూ, మనవైపు తిరిగి చూస్తున్నట్టు కనిపించే చిన్నది దూకుడు సాలీడు. ఇది గూడు కట్టి వేటాడదు, ఈగల మీదికి లంఘిస్తుంది. మూడోది అందరినీ హడలగొట్టేది. అరచేయంత వెడల్పున కాళ్లు చాపి, చదునైన గోధుమరంగు శరీరంతో రాత్రివేళ వంటగది గోడపై పరుగెడుతుంది. ఆడది బిళ్ల వంటి తెల్లని గుడ్లసంచిని పొట్ట కింద మోసుకు తిరుగుతుంది. చేత్తో నొక్కిపడితే కరుస్తుంది, నొప్పీ పుడుతుంది, అంతకు మించి ప్రమాదం లేదు. బొద్దింకలను తినే ఈ జీవిని చెప్పుతో కొట్టడం నష్టమే తప్ప లాభం కాదు.

జాగ్రత్త పడవలసినవి వేరు. విడో జాతి సాలీళ్లు మన దేశంలోనూ ఉన్నాయి. నల్లగానో గోధుమరంగులోనో, బఠాణీ గింజంత గుండ్రని పొట్టతో ఉంటాయి. పొట్ట అడుగున ఎరుపు లేదా నారింజ రంగులో ఇసుక గడియారం ఆకారపు మచ్చ ఉంటుంది. కట్టెల కుప్పలు, పాత కుండీలు, పెంకుల మధ్య అడ్డదిడ్డంగా గట్టి దారాలు అల్లుకుంటాయి. నల్లని జాతుల కాటు తర్వాత నొప్పి క్రమంగా పెరిగి, పొట్ట, నడుము కండరాలు బిగుసుకుపోవడం, విపరీతమైన చెమట వంటి లక్షణాలు కనిపించవచ్చు. గోధుమరంగు దాని కాటు సాధారణంగా అంత తీవ్రం కాదు.

ఇక టరాంటులాలు. వీటిలో ఒకదానికి తెలుగు నేలతో ప్రత్యేక సంబంధం ఉంది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో ఆర్. ఐ. పోకాక్ వర్ణించిన నీలిరంగు సాలీడు, ఆ తర్వాత శతాబ్దం పాటు కనిపించకుండా పోయి, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. నేడది అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. ఈ రకపు సాలీళ్లు కరిస్తే కండరాల నొప్పులు రోజుల తరబడి బాధించగలవు. అయితే అవి చెట్టు తొర్రలలో నివసిస్తాయి, మనిషిని చూస్తే పారిపోతాయి.

అసలు ప్రమాదం ఒక్కోసారి సాలీడులో కాక, దాని మీద వేసే నిందలో ఉంటుంది. ఒంటిపై మంటతో పొక్కులు లేస్తే సాలీడు పాకిందని మనవైపు అంటారు. ఉత్తరాదినా ఇదే నమ్మకం. నడుముకో ఛాతీకో ఒకవైపే పట్టీలా లేచే పొక్కులు సాధారణంగా సర్పి, అంటే ఒంట్లో దాగిన ఆటలమ్మ వైరస్ మళ్లీ రేగడం. దీనికి మందు 72 గంటల్లోపు మొదలుపెడితే ఫలితం ఎక్కువ. పసరు పూస్తూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. వానాకాలంలో ఉదయం లేచేసరికి మెడపై చారగా కనిపించే కాలిన గాయం వంటి మచ్చ, దీపాల చుట్టూ మూగే ఒక సన్నని ఎరుపు, నలుపు పురుగును నిద్రలో నలిపినందువల్ల రావచ్చు. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది, నొప్పి లేని నల్లని పెచ్చుతో పాటు వచ్చే జ్వరం. అది పొదల్లోని సూక్ష్మమైన నల్లి కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. సకాలంలో డాక్సీసైక్లిన్ వంటి మందు ఇస్తే నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణాంతకం కాగలదు. 'సాలీడు కరిచింది' అని వైద్యునికి మనమే నిర్ధారణ చేసి చెప్పడం కన్నా, జ్వరం ఎప్పుడు మొదలైందో, పొలానికో తోటకో వెళ్లామో లేదో చెప్పడం మేలు.

నియంత్రణ విషయానికి వస్తే, సాలీడు ఆహారం కోసం వస్తుంది. గుమ్మం ముందు తెల్లని దీపం రాత్రంతా వెలిగితే పురుగులు చేరుతాయి, వాటి వెంట ఇదీ చేరుతుంది. పసుపు వెలుగు దీపం, కిటికీలకు దోమల జాలి, తలుపు కింది సందుకు పట్టీ, ఇవే సగం పని చేస్తాయి. వారానికోసారి బూజుకర్రతో గూళ్లనూ గుడ్లసంచులనూ తీసేయాలి. స్ప్రే మందులు నేరుగా తగిలిన సాలీడును చంపుతాయి గానీ, మూలల్లో దాగినవాటిపై ప్రభావం స్వల్పం. వాసన నూనెల గురించి చెప్పుకొనేవి ఎక్కువ. వాసన ఆవిరయ్యాక మిగిలేది తక్కువ. కట్టెలు, ఇటుకలు ఇంటి గోడకు ఆనించకుండా దూరంగా పేర్చాలి, వాటిని తీసేటప్పుడు చేతితొడుగులు వేసుకోవాలి. చాలాకాలం వాడని బూట్లు, హెల్మెట్ దులిపి తొడుక్కోవాలి.

కాటు పడితే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచును కొద్దిసేపు ఉంచాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం కూడదు. ఒళ్లంతా నొప్పి, వాంతులు, ఊపిరాడకపోవడం కనిపిస్తే, ముఖ్యంగా బాధితులు పసిపిల్లలు లేదా వృద్ధులైతే, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. మన ఆసుపత్రుల్లో ఉండే పాముకాటు విరుగుడు సాలీడు విషానికి పనిచేయదు. చికిత్స లక్షణాలను బట్టే సాగుతుంది కనుక, కరిచిన జీవి ఫొటో దూరం నుంచి తీయగలిగితే వైద్యునికి ఉపయోగపడుతుంది. దానికోసం వెతుకుతూ ఆలస్యం చేయవద్దు.