పోడు మీద మోపిన నేరం

అడవులు ఎందుకు తగ్గిపోయాయి అని అడిగితే మా బడి పిల్లలు రాసే మొదటి జవాబు ‘పోడు వ్యవసాయం’. గైడులో అలాగే ఉంటుంది, మార్కూ పడుతుంది. ఆ పిల్లల తాతలు పోడు కొట్టి బతికినవాళ్లే. తాత మీద నేరం రాసి మనవడు మార్కు తెచ్చుకుంటుంటే ఆ పేపరు దిద్దడం నాకు కష్టంగా ఉంటుంది.

అసలు లెక్క వేరే ఉంది. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. 1900 నాటికి దేశంలో సుమారు 25,000 మైళ్ల దారి పడింది. మైలుకు దాదాపు 2,000 స్లీపర్లు. అంటే 5 కోట్లు. కొన్ని ఇనుపవి ఉన్నాయి, నిజమే. కానీ కర్రవి కొన్నేళ్లకే పుచ్చిపోయేవి, మళ్లీ చెట్లు పడాలి. మద్రాసు వైపు బొగ్గు అందక మొదట్లో ఇంజన్లలో కూడా కట్టెలే కాల్చారు. ఆ రైళ్లు మన పత్తిని, ధాన్యాన్ని ఓడరేవులకు మోశాయి.

టేకు, సాల, దేవదారు తరిగిపోతున్నాయని భయం పట్టుకున్నాక 1864లో అటవీశాఖ పెట్టారు. 1865లో ఒక చట్టం, 1878లో ఇంకా గట్టిది, మద్రాసు రాష్ట్రానికి 1882లో మరొకటి. అడవిని కాపాడటానికే అన్నారు. కలప కాపాడటానికి అంటే సరిపోయేది. ఇప్ప, తునికి, జీలుగు, అడ్డతీగ వాళ్ల లెక్కలో చిల్లర సరుకు.

మన పెద్దలు పోడు కొట్టినా ఇప్ప, చింత, జీలుగు చెట్లను నరికేవారు కాదు. సామలు, చోళ్లు, కందులు కలిపి చల్లి, రెండు మూడేళ్లు పండించి, ఆ చెలకను ఏళ్ల తరబడి వదిలేసేవారు. అడవి మళ్లీ కమ్ముకునేది. రిజర్వు హద్దురాళ్లు పాతాక తిరగడానికి చోటు లేదు. ఉన్న కొండవాలునే త్వరత్వరగా కొట్టాల్సి వచ్చింది, మట్టి కొట్టుకుపోయింది. పోడు వల్ల నేల పాడైంది అనేవాళ్లు ఈ మధ్యలో జరిగింది మాత్రం చెప్పరు.

మనవాళ్లు ఊరుకోలేదు. కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు పెరిగి 1879లో రంప పితూరీ లేచింది. 1922లో అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటందొర, గాం మల్లుదొర నిలబడటానికి పోడు నిషేధమూ ఒక కారణం.

గోదావరికి అవతల 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టారు. 1886లో తవ్వే హక్కు ఇంగ్లండులో పుట్టిన ఒక కంపెనీకి దక్కింది. 1850లో ప్రపంచంలో బొగ్గు కాల్చగా వచ్చిన కార్బన్ డయాక్సైడులో సగానికి పైగా బ్రిటన్ ఒక్కదానిదే. గాలిలో చేరిన ఆ వాయువు వందల ఏళ్లు పోదు. ఇప్పుడు మన కొండల్లో ఎండ ముదిరి, ఇప్పపువ్వు అదను తప్పుతోందని పెద్దలు అంటున్నారు. వాతావరణ మార్పు దెబ్బకు కొందరు ఎక్కువ గురికావడానికి వలస పాలన కూడా ఒక కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల నివేదిక 2022లో రాసింది. మనకు అప్పటికే తెలుసు.

ఈ ఏడాది స్లీపర్ల లెక్క పిల్లలతోనే కట్టించాను. పరీక్షలో ఒక పిల్ల పోడు పక్కన ‘రైలు పట్టాలు’ అని కూడా రాసింది. కీలో ఆ మాట లేదు. మార్కు వేశాను.