బీఈడీ, ఎంఈడీ అయింది, తర్వాత పీహెచ్‌డీ ఎట్లా? కార్వేటినగరం వైపు నుంచి అప్లై చేసేవాళ్ల కోసం

చిత్తూరు జిల్లాలో టీచర్ ట్రైనింగ్ అనగానే ముందు వినిపించే పేరు కార్వేటినగరం డైట్. జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. 1986 జాతీయ విద్యా విధానం వచ్చాక దేశమంతటా జిల్లాకొకటి చొప్పున పెట్టిన సంస్థల్లో ఇదీ ఒకటి. ఇక్కడ డీఎల్‌ఈడీ చదివి, డీఎస్సీ రాసి, ఉద్యోగం తెచ్చుకోవడం మన ఇళ్లల్లో చాలామందికి తెలిసిన దారి. ఆ తర్వాత డిగ్రీ, బీఈడీ, ఎంఈడీ దాకా పోయినవాళ్లూ ఉన్నారు. అక్కడికి వచ్చి ఆగిపోతున్నారు. విద్యాశాస్త్రంలో, అంటే ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ అనేసరికి ఎవరిని అడగాలో తెలీదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లు చెప్పే సగం సంగతులేమో పాతబడిపోయాయి. 2022 నవంబరులో యూజీసీ కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చింది. 2024లో అడ్మిషన్ పద్ధతి కూడా మార్చింది. కాబట్టి ఐదేళ్ల కిందట చేరినవాళ్లు ఇచ్చే సలహా మంచి మనసుతో ఇచ్చినా ఇప్పుడు పనికిరాకపోవచ్చు.

ముందు అర్హత సంగతి. పీజీలో 55 శాతం మార్కులుండాలి. మన సబ్జెక్టుకైతే ఎంఈడీ గానీ, ఎంఏ ఎడ్యుకేషన్ గానీ అడుగుతారు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. 54.8 ఉంది, 55గా లెక్కేస్తారులే అనుకోవద్దు. నెట్ నోటిఫికేషన్‌లోనే రౌండ్ చేయరాదని రాసి ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వచ్చినవాళ్లు పీజీ లేకుండానే అప్లై చేయొచ్చని కొత్త నిబంధన చెప్తోంది గానీ, మూడేళ్ల డిగ్రీ మీద బీఈడీ చేసినవాళ్లకు అది వర్తించదు. రెండూ కలిపితే ఐదేళ్లు అయింది కదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదన అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలవదు. ఇంకొక మాట, ఎంఫిల్ ఇప్పుడు లేదు. ఎవరైనా ఎంఫిల్ సీటు ఇస్తామంటే డబ్బు కట్టకండి.

నెట్ ఎందుకు ముఖ్యమైంది?

2024 జూన్ నుంచి యూజీసీ నెట్ ఫలితాలు మూడు రకాలుగా ఇస్తున్నారు. మొదటి కేటగిరీకి జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత రెండూ వస్తాయి. రెండో కేటగిరీకి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ అడ్మిషన్ అర్హత. మూడోది కేవలం పీహెచ్‌డీ అడ్మిషన్‌కు. జేఆర్‌ఎఫ్ వాళ్లకు ఇంటర్వ్యూ ఒక్కటే. మిగతా ఇద్దరికీ నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఈ రెండు కేటగిరీల స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కు ఒక్క ఏడాదే పనిచేస్తుంది. ఇది చాలామంది గమనించడంలేదు. ఫలితం వచ్చాక 'వచ్చే ఏడాది చూద్దాంలే' అంటే మళ్లీ పరీక్ష రాసుకోవాల్సిందే. జేఆర్‌ఎఫ్ లెటర్‌కైతే మూడేళ్లు గడువు.

పరీక్ష మూడు గంటలు. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, ఒక్కోదానికి రెండు మార్కులు, తప్పు రాస్తే కోత లేదు. ఒక్క ప్రశ్న కూడా వదలకండి. ఎడ్యుకేషన్ సబ్జెక్టు కోడ్ 09. సిలబస్ పది యూనిట్లు. ఎంఈడీలో చదివిందే ఎక్కువగా ఉంటుంది: మొదలియార్, కొఠారి కమిషన్లు, పాఠ్యప్రణాళిక, టీచర్ ఎడ్యుకేషన్, పరిశోధనా పద్ధతులు, సమ్మిళిత విద్య. ఎడ్యుకేషన్ ఎకనామిక్స్ భాగం చూసినప్పుడు కామర్స్ చదివిన నాకు మా కాస్ట్ అకౌంటింగ్ క్లాసు గుర్తొచ్చింది, అదే కాస్ట్ బెనిఫిట్ లెక్క ఇక్కడా ఉంది.

అసలు ఇబ్బంది భాషతో. ఎడ్యుకేషన్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఇస్తారు. తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో చదివిన పిల్లలకు విషయం వచ్చు గానీ పదం రాదు. 'పరికల్పన' అంటే చెప్తారు, ఉర్దూలో 'మఫ్రూజా' అంటే చెప్తారు, హైపోథిసిస్ రకాల మీద ఇంగ్లిష్‌లో నాలుగు ఆప్షన్లు ఇస్తే తడబడతారు. కోచింగ్‌కు తిరుపతి పోయే ముందు ఒక నోటు పుస్తకంలో మూడు వరసలు గీసి ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ పదాలు పక్కపక్కన రాసుకుంటూ పోతే ఖర్చు లేకుండా సగం పని అవుతుంది.

నెట్ రాకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. రాష్ట్ర వర్సిటీలకు ఉన్నత విద్యామండలి తరఫున ఏపీఆర్‌సెట్ పెడతారు. నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో వస్తుందని నమ్ముకోవద్దు, మండలి వెబ్‌సైట్ మీద కన్నేసి ఉండాలి. యూజీసీ నిబంధన ప్రకారం ఇలాంటి ఎంట్రన్స్‌లో సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ఉంటాయి.

ఎక్కడ చేరొచ్చు?

కార్వేటినగరం నుంచి పుత్తూరు మీదుగా తిరుపతి పోతే విద్యాశాస్త్ర విభాగాలు దగ్గర్లోనే ఉన్నాయి. 1954లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అక్కడే. ఇంటి నుంచి దూరం పంపడానికి జంకే తల్లిదండ్రులకు మహిళా వర్సిటీ పేరు చెప్తే మాట తేలికవుతుంది. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ విద్యాశాస్త్ర పరిశోధన ఉంది గానీ దానికి సంస్కృతం కావాలి.

ఉర్దూలో చదివినవాళ్లకు హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. 1998లో పెట్టారు, బోధన ఉర్దూలోనే. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ ఉంది. అప్లై చేసేవాళ్లు ఏదో ఒక స్థాయిలో ఉర్దూ చదివినట్టు రుజువు చూపాలి. పదో తరగతిలో ఉర్దూ ఒక సబ్జెక్టుగా చదివినవాళ్లు ఆ మెమోను జాగ్రత్తగా దాచుకోండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, రాయడం రాదు అనేవాళ్లకు మాత్రం అక్కడ కష్టమే.

దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ చెల్లదని 2022 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. పార్ట్‌టైమ్ మాత్రం చెల్లుతుంది. సర్కారు బడి టీచర్లకు అదే నప్పుతుంది. దానికి పై అధికారి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. పార్ట్‌టైమ్ చదువుకు అనుమతి ఉందనీ, డ్యూటీ చేస్తూ పరిశోధనకు సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు రిలీవ్ చేస్తామనీ అందులో రాసి ఉండాలి. ఈ మూడో మాట లేకుండా పత్రం తెచ్చుకుని మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగొద్దు.

'అన్నీ మేమే చూసుకుంటాం, థీసిస్ కూడా రాసిస్తాం' అనే ఏజెంట్లు ఫోన్లు చేస్తుంటారు. 2025 జనవరిలో యూజీసీ రాజస్థాన్‌కు చెందిన ఓపీజేఎస్, సన్‌రైజ్, సింఘానియా యూనివర్సిటీలను 2025-26 నుంచి 2029-30 దాకా పీహెచ్‌డీలో ఎవరినీ చేర్చుకోవద్దని ఆపేసింది. డిగ్రీల జారీలో నిబంధనలు పాటించలేదన్నది కారణం. లక్షలు పోసి అట్లాంటి పట్టా తెచ్చుకుంటే రేపు ఇంటర్వ్యూలో దాన్ని బయటికి తీయడానికే భయపడాలి.

డబ్బు మాట

మన సముదాయంలో ఎక్కువమందిని ఆపేది ఇదే. మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు 2022 డిసెంబరులో కేంద్రం లోక్‌సభలో చెప్పింది. ఇతర పథకాలతో కలిసిపోతోందన్నది వాళ్ల జవాబు. ఆ జవాబు ఏమైనా, కొత్తగా చేరేవాళ్లకు ఆ డబ్బు లేదు. ఇంకా ఆ పేరు చెప్పి ఫారాలు నింపిస్తున్నవాళ్లు ఉంటే నమ్మకండి.

ఇక మిగిలిన పెద్ద దిక్కు జేఆర్‌ఎఫ్. 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం. కేంద్రీయ వర్సిటీల్లో నెట్ లేకుండా చేరినవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్ నెలకు 8,000. రెండేళ్లకు లెక్కేస్తే ఒకరి చేతికి 8,88,000, ఇంకొకరికి 1,92,000. తేడా దాదాపు ఏడు లక్షలు. ఇంట్లో నాన్న ఒక్కడే సంపాదిస్తున్నప్పుడు ఈ తేడాతోనే చదువు సాగుతుందా ఆగుతుందా తేలిపోతుంది. అందుకే ఇంకో ఆరు నెలలు కూర్చుని జేఆర్‌ఎఫ్ కోసం మళ్లీ రాయడం దండగ కాదంటాను. వయసు మాత్రం చూసుకోవాలి. జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ల పరిమితి ఉంది. ఆడవాళ్లకు, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఐదేళ్లు అదనం. పీహెచ్‌డీ అడ్మిషన్ అర్హతకైతే వయసు అడ్డు లేదు.

ఇంట్లో ఒక్కతే కూతురు, అన్నదమ్ములు కూడా లేరు అనే అమ్మాయిలకు యూజీసీ సావిత్రీబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్ ఉంది. ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాక అప్లై చేసుకోవచ్చు.

ఓబీసీ దగ్గర ఒక మెలిక. మన రాష్ట్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కేంద్రం లెక్కలో ఓబీసీ అయిపోరు. రెండు జాబితాలు వేరు. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు కేంద్ర జాబితాలో ఉన్నారు. బీసీ-ఈ కింద వచ్చేవాళ్లు కేంద్ర జాబితాలో తమ పేరు ఉందో లేదో వెతుక్కున్నాకే నెట్ ఫారంలో ఓబీసీ గడి టిక్ పెట్టాలి. లేనివాళ్లు ఈడబ్ల్యూఎస్ సంగతి తహసీల్దారు ఆఫీసులో ముందే కనుక్కోవాలి. ఫారంలో ఒకటి పెట్టి సర్టిఫికెట్ ఇంకొకటి చూపితే పాసయ్యాక కూడా అర్హత పోతుంది.

ఇంటర్వ్యూకు ఏం పట్టుకెళ్లాలి?

నాలుగైదు పేజీల పరిశోధనా ప్రణాళిక. సమస్య ఏంది, ఇంతకుముందు ఎవరు ఏం చేశారు, మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, ఏ పరికరంతో కొలుస్తారు. 'విద్యలో నాణ్యత' లాంటి ఆకాశమంత టాపిక్ పెట్టుకుంటే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. మన కళ్లముందే ఎన్ని ఉన్నాయి! కార్వేటినగరం తమిళనాడు సరిహద్దుకు దగ్గర. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్ ఉన్న పిల్లవాడు మూడో తరగతిలో ఎట్లా చదవడం నేర్చుకుంటున్నాడు? ఉర్దూ మీడియంలో ఐదు దాకా చదివి ఆరులో వేరే మీడియంలో చేరిన అమ్మాయి లెక్కల్లో వెనకబడుతోందా, లెక్కల భాషలో వెనకబడుతోందా? ఇట్లాంటి ప్రశ్నకు రెండు మండలాల బడులు చాలు.

టాపిక్ ఖాయం చేసుకునే ముందు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకండి. దేశంలోని వర్సిటీలకు సమర్పించిన థీసిస్‌లు లక్షల్లో ఉచితంగా దొరుకుతాయి. మీ టాపిక్ మీద ఇప్పటికే పని అయి ఉంటే కనబడుతుంది. మీరు చేరాలనుకునే డిపార్ట్‌మెంట్‌లో ఏ ప్రొఫెసర్ ఏ అంశం మీద గైడ్ చేశారో కూడా అక్కడే తెలుస్తుంది. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లకే అవకాశం. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. మార్కులు ఉండీ సీటు రాకపోవడానికి ఒక్కోసారి ఖాళీ లేకపోవడమే కారణం.

చేరాక 12 నుంచి 16 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఉంటుంది. మొత్తం మీద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకు ఆపైన మరో రెండేళ్లు ఇస్తారు. ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం మొత్తం 240 రోజుల దాకా సెలవు ఉంది. పెళ్లయి వేరే ఊరికి పోవాల్సి వస్తే అప్పటిదాకా చేసిన పరిశోధనను అక్కడి సంస్థకు మార్చుకోవచ్చు. 'పెళ్లి చేస్తే పీహెచ్‌డీ ఏమవుతుంది' అని అడిగే పెద్దవాళ్లకు ఈ నిబంధన చూపించండి. థీసిస్ ఇచ్చే ముందు జర్నల్‌లో పేపర్ వేసి తీరాలన్న పాత నియమం కూడా 2022లో తీసేశారు. వేసుకుంటే మంచిదే అనుకోండి.

ఆఖరుగా కాగితాల దగ్గర ఒక విషయం, మనవాళ్లకు ఎక్కువగా తగులుతుంది. పదో తరగతి మెమోలో 'ఎస్.కె.', ఆధార్‌లో 'షేక్', డిగ్రీలో 'షైక్', ఎంఈడీ పట్టాలో ఇంటిపేరే లేకుండా ఉంటుంది. మహమ్మద్‌కు 'ఎండీ' అని రాసినవాళ్లూ ఉన్నారు. నెట్ ఫారం పదో తరగతి మెమోలో ఉన్నట్టే నింపండి. ఆధార్‌ను దానికి తగ్గట్టు ముందే మార్పించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మీసేవ దగ్గర నిలబడితే గడువు దాటిపోతుంది.