గాలిని లెక్కపెట్టినవాళ్ళు

టెక్సస్‌లో మేం అద్దెకున్న అపార్ట్‌మెంటుకి బూజు చూసే మనిషి వచ్చిన రోజు నాకు కొంచెం కోపం వచ్చింది. బట్టల అలమర వెనక గోడంతా నల్లటి మచ్చలు. పాపకి ఏడో నెల, మూడు వారాలుగా దగ్గు. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ కూచున్నాను. ఆయన పెట్టె తెరిచి గాలి పట్టే పంపు బయటికి తీస్తాడనీ, ఒక అంకె చెప్తాడనీ, ఆ అంకె పట్టుకుని ఇల్లు మారాలా వద్దా అన్నది తేల్చుకోవచ్చనీ నా ఆశ. ఆయన పంపు తియ్యలేదు. మోకాళ్ళ మీద కూచుని గోడ అడుగున తేమ మీటరు ఆనించాడు. పైవాళ్ళ బాత్రూము ఎటువైపని అడిగాడు. వాసన ఎప్పట్నుంచి, వానొస్తే పెరుగుతుందా, ఏసీ నీళ్ళు ఎటు పోతాయి... అన్నీ నీళ్ళ గురించిన ప్రశ్నలే. గాలి పరీక్ష చెయ్యరా అంటే, చెయ్యమంటే చేస్తాను గానీ దానికి వేరే డబ్బులు, ఆ నంబరు ఎంతొచ్చినా ఇక్కడ చెయ్యాల్సిన పని మారదు అన్నాడు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్లో చెప్తే, "గోడకి బూజేంట్రా, దులిపెయ్యండి" అంది. మన భాషతో ఇదొక చిక్కు. మూలల్లో వేలాడే సాలెగూడూ బూజే, పచ్చడి మీద తెల్లగా పట్టేదీ బూజే. పచ్చడి జాడీకి పట్టినట్టు పట్టిందమ్మా అన్నాక అర్థమై, ఆవిడా అదే ప్రశ్న వేసింది: "తడి ఎక్కణ్ణుంచి తగులుతోంది?"

ఏదైనా సరే ముందు కొలవాలి, తర్వాతే మాట్లాడాలి అన్నది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ నమ్మకం. కొలిచే పరికరం చేతిలో పెట్టుకుని కూడా కొలవడానికి తొందరపడని వృత్తి ఒకటి ఉండటం నాకు విడ్డూరంగా అనిపించింది. అదెలా తయారైందో చదువుతూ పోతే చాలా దూరం వెళ్ళాల్సొచ్చింది.

ఇల్లు చూసి తీర్పు చెప్పే పనికి నేను చదివినవాటిలో పాత నిబంధనలు బైబిల్లో ఉన్నాయి, లేవీయకాండము 14వ అధ్యాయంలో. గోడలో పచ్చగానో ఎర్రగానో పల్లపు మచ్చలు కనిపిస్తే ఇంటాయన వెళ్ళి యాజకుడికి చెప్పాలి. యాజకుడు వచ్చి చూసి, ఇంటికి ఏడు రోజులు తాళం వేయించాలి. ఏడోరోజు మళ్ళీ వచ్చి చూడాలి. మచ్చ వ్యాపిస్తే ఆ రాళ్ళు ఊడదీసి, లోపలి గిలాబా గీకించి, ఊరవతల పారబోయించి, కొత్త రాళ్ళు, కొత్త గిలాబా పెట్టించాలి. అప్పటికీ తిరిగొస్తే ఇల్లే పడగొట్టాలి. ఆ మచ్చ శిలీంధ్రమా, గోడలోని లవణాలా అన్నది పండితుల వాదం. పైగా అక్కడ గొడవ శుద్ధికీ అశుద్ధికీ సంబంధించింది, దగ్గుకి కాదు. నాకు నచ్చింది వేరే వివరం. యాజకుడు లోపలికి అడుగుపెట్టకముందే ఇంట్లో సామానంతా బయట పెట్టించమంటుంది ఆ అధ్యాయం. ఎందుకంటే ఆయన అశుద్ధం అని నోటితో అన్నాడంటే లోపలున్న కుండా చెంబూ కూడా అశుద్ధమైపోతాయి. చూసేవాడి మాటకి ఖరీదుంటుందని, ఆ ఖరీదు ఇంటాయన నెత్తిన పడుతుందని వాళ్ళకి తెలుసన్నమాట.

అంకెలు చాలా ఆలస్యంగా వచ్చాయి. వాటి తొలి చరిత్రలో కొంత మన దేశంలో జరిగింది. డేవిడ్ డగ్లస్ కన్నింగ్‌హామ్ అనే వైద్యుడు కలకత్తా జైళ్ళలో, గాలి దిక్కుకి తిరిగే చిన్న పరికరంలో గ్లిజరిన్ పూసిన గాజుపలక పెట్టి, దాని మీద పడ్డవాటిని సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మలు గీసి, లెక్క రాశాడు. జైలైతే ఎవరికి ఎప్పుడు జబ్బు చేసిందో రిజిస్టరులో ఉంటుంది, పోల్చుకోవడం తేలిక. శిలీంధ్రాల సిద్ధబీజాలు కుప్పలుగా దొరికాయి. కలరాకీ జ్వరాలకీ వాటితో సంబంధం మాత్రం కనిపించలేదు. 1873లో ఆ మాటే అచ్చువేశాడు. అదే ఏడు ఇంగ్లండులో, మాంచెస్టర్‌లో, చార్లెస్ బ్లాక్లీ పుప్పొడి జ్వరం మీద పుస్తకం వేశాడు. ఈయనకే ఆ జబ్బుంది. గాలిపటాలకి జిగురు పలకలు కట్టి పైగాలిలో పుప్పొడి పట్టాడు. అంతటితో ఊరుకోక తడిగడ్డి మీద బూజు పెంచి, దాని బీజాలు తనే పీల్చాడు. గొంతు పోయింది, రొమ్ము పట్టేసింది. ఒకే ఏడాదిలో రెండు జవాబులు: బీజాలున్నాయి గానీ ఏమీ చెయ్యవు, బీజాలు మనిషిని మంచాన పడేస్తాయి. ఈ వృత్తి ఇప్పటికీ ఆ రెంటి మధ్యనే తిరుగుతోంది.

నల్లబూజుకి పేరు ఇంకా ముందే పెట్టారు. 1837లో ప్రాగ్ నగరంలో ఒక ఇంటి గోడకి అంటించిన కాగితం మీద ఆగస్ట్ కోర్డా దీన్ని చూసి స్టాకీబోట్రిస్ అన్నాడు. దీనికి సెల్యులోజ్ కావాలి, అది ఆగకుండా తడిగా ఉండాలి. మన ఇటుక, సిమెంటు గోడల్లో దీనికి తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. అమెరికా ఇళ్ళలో గోడంటే జిప్సం బోర్డు, దానికి రెండువైపులా కాగితం. అంటే ఇల్లంతా భోజనమే, నీళ్ళు తగలడమే తరువాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత, ఏసీ ఖర్చు తగ్గించడానికి కట్టడాలకి ఎక్కడా గాలి చొరకుండా బిగించారు. వెంటిలేషన్ ప్రమాణాలు రాసే యాష్రే సంస్థ 1981లో, పొగతాగని ఆఫీసుల్లో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటి గాలి చాలంది. జనం తలనొప్పులతో, కళ్ళమంటలతో గోల పెట్టాక 1989లో దాన్ని 20 చేసింది.

ఇక క్లీవ్‌లండ్. 1993 జనవరి నుంచి 1994 డిసెంబరు దాకా ఆ ఊళ్ళో 10 మంది పసిపిల్లలకి ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. చాలా అరుదైన జబ్బు. రెయిన్‌బో పిల్లల ఆసుపత్రిలో డోర్ డియర్‌బోర్న్ అనే డాక్టరు ఇన్ని కేసులు ఒక్కచోట ఎందుకొస్తున్నాయని సీడీసీని పిలిచాడు. వాళ్ళు ఆ 10 మంది ఇళ్ళనీ, జబ్బులేని మరో 30 మంది ఇళ్ళనీ పోల్చారు. జబ్బుపడ్డ పిల్లల ఇళ్ళలో నీళ్ళు కారిన గుర్తులు, వాటితోపాటు స్టాకీబోట్రిస్ ఎక్కువ. 1997లో ఫలితం అచ్చయింది. గాలిలో ఆ బూజు పెరిగేకొద్దీ జబ్బు అవకాశం పెరుగుతుందని చెప్పే నిష్పత్తి 9.8. పత్రికలకీ టీవీలకీ అంతకన్నా ఏం కావాలి?

సీడీసీ మాత్రం తన లెక్కని తనే మళ్ళీ చూయించింది. లోపలివాళ్ళతో ఒకసారి, బయటివాళ్ళతో ఒకసారి. 2000 మార్చిలో వచ్చిన ఆ నివేదిక చదువుతుంటే, రాత్రి రెండింటికి ప్రొడక్షన్లో బగ్ దొరికినప్పటి వణుకు పుట్టింది నాకు. ఒక ఇంటి గాలిలో సగటున 0.4 ఉండాల్సింది 4 అని పడింది. దశాంశ బిందువు జారిపోయింది! ఆ ఒక్కటి దిద్దితే 9.8 కాస్తా 5.5. పిల్లల వయసులు జతచేసిన పద్ధతిలోనూ, మిగతా లెక్కలోనూ ఉన్న లోపాలు కూడా సరిచేస్తే చివరికి 1.5. ఇదంతా కంప్యూటరు ముందు జరిగిన తప్పు. ఇళ్ళలో జరిగింది నా దృష్టిలో ఇంకా పెద్దది. గాలి పట్టేటప్పుడు తివాచీలు వాక్యూమ్ చేసి, ఫర్నేస్ గొట్టాల మీదా సోఫాల మీదా బాది ధూళి లేపారు. అది కూడా అన్నిచోట్లా ఒకే తీరుగా కాదు. జబ్బుపడ్డ పిల్లల ఇళ్ళలో తీసిన నమూనాలు మిగతా ఇళ్ళలో తీసినవాటికి రెండింతలు. రెండింతలు వెతికితే ఎక్కువ దొరకడంలో వింతేముంది? వెతికినవాళ్ళు మోసగాళ్ళేం కాదు. పసివాళ్ళ నోట రక్తం పడుతుంటే ఎవరి చెయ్యి నిలకడగా ఉంటుంది? ఆ నివేదిక కూడా బూజు అమాయకురాలని అనలేదు, రుజువు కాలేదంది. ఆ పిల్లలకి ఏమైందో తేలనేలేదు.

ఈ రెండోమాట మొదటిమాటంత దూరం వెళ్ళలేదు. 2001 జూన్‌లో టెక్సస్‌లో మెలిండా బ్యాలర్డ్ అనే ఆవిడ 22 గదుల ఇల్లు బూజుపాలైన కేసులో, బీమా కంపెనీ ఆమెకి 3 కోట్ల 20 లక్షల డాలర్లు ఇవ్వాలని జ్యూరీ చెప్పింది. మరుసటేడు అప్పీలులో అది 40 లక్షలకి దిగింది గానీ అప్పటికే క్లెయిములు వెల్లువెత్తాయి. బూజు బంగారమని వ్యాపారంలో జోకు పుట్టింది. నిన్నటిదాకా తివాచీలు కడిగినవాళ్ళు ఇవాళ నిపుణులు. 2003లో టెక్సస్ శాసనసభ లైసెన్సు చట్టం చేసింది. ఒకే చోట 25 చదరపుటడుగులకి మించి బూజుంటే చూసేవాడికీ తీసేవాడికీ లైసెన్సు ఉండాలి. ఒకే పనిలో చూసేవాడే తీసేవాడు కాకూడదు. మేం రాసిన కోడ్‌ని మేమే పరీక్షించి పాసు చేసుకోకూడదన్నట్టు.

లైసెన్సుకి శిక్షణ కావాలి. టెక్నీషియన్‌కి 24 గంటలు, పైమెట్టు కన్సల్టెంటుకి 40. మూడు రోజుల్లో ఏం నేర్పుతారని నాకూ అనిపించింది, ఇప్పటికీ తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ పాఠాల వెనక క్లీవ్‌లండ్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. ముందు కళ్ళు, తర్వాత ముక్కు, తర్వాత తేమ మీటరు. ఏ ప్రశ్నకి జవాబు కావాలో రాసుకోకుండా పంపు ఆన్ చెయ్యొద్దు. లోపల నమూనా తీస్తే బయట గాలిదీ తియ్యాలి. అమెరికా పర్యావరణ సంస్థ 2001లో తెచ్చిన మార్గదర్శి కూడా, బూజు కంటికి కనిపిస్తుంటే సాధారణంగా నమూనా అక్కర్లేదంటుంది. ఇంత దాటితే ప్రమాదం అని చెప్పే ప్రభుత్వపు హద్దు ఏదీ లేదు మరి. 2004లో అక్కడి వైద్య అకాడమీ పాత అధ్యయనాలన్నీ వడపోసింది. తడి ఇళ్ళకీ దగ్గుకీ పిల్లికూతలకీ సంబంధం ఉందని ఒప్పుకుంది. పసిపిల్లల రక్తస్రావం విషయంలో ఆధారం చాలదంది.

ఇదంతా ఆ తర్వాత చదివింది. ఆవేళ మాత్రం పట్టుబట్టి, డబ్బులు కట్టి, గాలి నమూనా తీయించాను. పంపు నిమిషానికి 15 లీటర్ల లెక్కన 5 నిమిషాలు తిరిగింది, 75 లీటర్లు. నాలుగు రోజులకి రిపోర్టొచ్చింది. పడగ్గదిలో స్టాకీబోట్రిస్: ఘనపు మీటరుకి 27. బయట: సున్నా. ఆ 27 చూసి మా ఆవిడ ఆ రాత్రే పాపని తీసుకుని వాళ్ళన్నయ్యగారింటికి వెళ్ళిపోయింది. మర్నాడు లెక్క వేశాను. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు. 75 లీటర్లలో దొరికినదాన్ని 13.3తో గుణిస్తే వచ్చే సంఖ్య అది. అంటే ల్యాబులో కూచున్న మనిషికి పలక మీద కనిపించినవి రెండంటే రెండు బీజాలు.

పైవాళ్ళ షవర్ గొట్టం అతుకు దగ్గర కారుతోంది. వేరే కంపెనీ వాళ్ళు ప్లాస్టిక్ తెర కట్టి, గోడ కోసి, ఎనిమిది రోజుల్లో పని ముగించారు. మొదటాయన మళ్ళీ వచ్చి మీటరు ఆనించి సంతకం పెట్టాడు. పాప దగ్గు తగ్గింది. గోడ వల్లే తగ్గిందా, చలికాలం పోయి తగ్గిందా, డాక్టరు చెప్పలేనన్నాడు. బయల్దేరే ముందు ఫోన్లో మా ఆవిడకి ఆ రెండు బీజాల లెక్కంతా వివరించాను. ఓపిగ్గా విని, "సరే, ఆ రెండూ పాప మంచం వైపువా, మన మంచం వైపువా?" అంది.